బట్ట మంచిదో కాదో చెయ్యి చెప్పదు

పెద్ద బజారులో బట్టలు కొనేవాళ్లను కాసేపు గమనించండి. కొట్టు ముందు ఆగుతారు. వేలాడుతున్న గుడ్డ కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలుపుతారు. ‘బాగుంది’ అనో ‘పలచగా ఉంది’ అనో తేల్చేసుకుని, వెంటనే ‘మీటరెంత?’ అని అడుగుతారు. అక్కణ్ణుంచి ఉన్న తెలివంతా బేరానికే ఖర్చవుతుంది. ఈ వరస పూర్తిగా తలకిందులని నా అభిప్రాయం. ధర ఆఖర్న అడగాల్సిన మాట. ఇక చేతి విషయానికొస్తే, కొత్త గుడ్డ గురించి అది చెప్పే సాక్ష్యంకన్నా బలహీనమైనది మరొకటి లేదు.

కారణం గుడ్డ తయారీలోనే ఉంది. మగ్గం దిగిన బట్ట దిగినట్టే బజారుకు రాదు. ఉతికి, తెల్లబరిచి, అద్దకం వేసి, చివర్న ఫినిషింగ్ చేస్తారు. పలచటి గుడ్డకు గంజి పట్టిస్తే దిట్టంగా, బరువుగా తగులుతుంది. గరుకు గుడ్డకు సిలికాన్ సాఫ్టెనర్ పట్టిస్తే వేళ్ల కింద జారిపోతుంది. బరువైన రోలర్ల మధ్య వేడిగా నొక్కితే నున్నటి మెరుపు వస్తుంది. బ్రష్షులతో పైపోగులు లేపితే పిల్లి బొచ్చంత మెత్తనవుతుంది. ఇవన్నీ ముందు మెప్పించేది కొనేవాళ్ల వేళ్లనే. గంజి మొదటి ఉతుకుల్లోనే వదిలిపోతుంది. మెరుపు కూడా ఎక్కువకాలం నిలవదు. సాఫ్టెనర్ ఉతుకు ఉతుక్కీ కొంచెం కొంచెంగా తగ్గుతుంది. లేపిన పోగులు రాపిడికి ఉండలు కడతాయి. దీన్ని మోసమని నేను అనను. గుడ్డ అమ్మకానికి వచ్చే పద్ధతే అది. అయితే చేతికి తగిలేది చాలావరకు ఆ పైపూతే. ఆర్నెల్ల తర్వాత మీ ఒంటిమీద ఉండేది మాత్రం లోపలి గుడ్డ.

గంజి సంగతి తేల్చడం సులువు. గుడ్డ కొసను మడిచి, మడతను మడతకేసి పది పదిహేనుసార్లు గట్టిగా రుద్దండి. తెల్లటి పొడి రాలితే గంజి బాగా పట్టించారన్నమాట. తర్వాత ఆ కొసను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. రుద్దిన చోటు చుట్టుపక్కల కన్నా బాగా పలచగా కనిపిస్తే, ఆ గుడ్డ అసలు ఒత్తు అదే. అక్కడే ఇంకో పని: రెండు బొటనవేళ్లూ పక్కపక్కన ఆనించి గుడ్డను అటూ ఇటూ లాగండి, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా. వదిలాక పోగులు పక్కకు జరిగి సందు మిగిలిపోతే, ఆ గుడ్డతో ఒంటికి పట్టినట్టుండే బట్ట కుట్టించకండి. దారం తెగకపోయినా కుట్టు పక్కనే నేత విడిపోతుంది. అలాంటి గుడ్డకు టైలర్ ఎంత మంచివాడైనా చేయగలిగింది లేదు.

చెయ్యి తర్వాత మనల్ని తప్పుదారి పట్టించేది పేరు. శాటిన్, జార్జెట్, షిఫాన్, క్రేప్, పాప్లిన్, వెల్వెట్ అనేవి నేతను బట్టి, పోగుకు వేసిన పురిని బట్టి వచ్చిన పేర్లు. అది ఏ నారతో నేసిన గుడ్డో వాటిలో లేదు. శాటిన్ పట్టుతోనూ నేస్తారు, పాలియెస్టర్‌తోనూ నేస్తారు. జార్జెట్ అంటే గట్టిగా పురిపెట్టిన పోగుతో నేసినదని మాత్రమే. కాబట్టి కొట్టులో విడివిడిగా రెండు ప్రశ్నలు వేయాలి: ఏ నేత, ఏ నార. ‘కాటన్ మిక్స్’ అంటే శాతం అడగండి. నూటికి ముప్పై అయిదు కాటన్ ఉన్నా మిక్సే, ఎనభై ఉన్నా మిక్సే. ఒంటిమీద రెండూ ఒకటి కావు. కాటన్ గాలిలోంచి తన బరువులో ఎనిమిది శాతం పైగా తేమ పీల్చుకుంటుంది, పాలియెస్టర్ అర శాతం కూడా పీల్చదు. అమ్మేవాళ్లకు జవాబు తెలియకపోవచ్చు. వాళ్లకు అమ్మినవాళ్లు చెప్పిన పేరే వాళ్లూ చెబుతారు. అందుకే పోగును అడగాలి.

పోగును అడగడం ఇలా. తాను కొస దగ్గర ఊడుతున్న పోగులు ఎప్పుడూ ఉంటాయి. పడుగులోంచి (నిలువు పోగు) ఒకటి, పేకలోంచి (అడ్డం పోగు) ఒకటి, జానెడేసి తీసుకోండి. రెండూ ఎందుకంటే, పడుగు ఒక నూలు, పేక ఇంకో నూలు పెట్టి నేసిన గుడ్డలు చాలా ఉన్నాయి. పోగును వెలుతురులో పట్టుకుని పురికి ఎదురు దిశలో తిప్పండి. పురి విడి, పొట్టి పొట్టి నూగులాంటి నారలుగా ఊడిపోతే అది వడికిన నూలు. అంటే కాటన్ కావచ్చు, వడికిన విస్కోస్ (రేయాన్) కావచ్చు, వడికిన పాలియెస్టర్ కూడా కావచ్చు. తెగకుండా బారుగా, జుట్టులా మెరుస్తూ విడితే అది ఫిలమెంటు: పట్టు గానీ, పాలియెస్టర్ గానీ, ఫిలమెంటు విస్కోస్ గానీ.

ఇప్పుడు అసలు పరీక్ష. పోగు నడిమధ్యన ఒక నీటిచుక్క పెట్టి బాగా నాననివ్వండి. రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగండి. సరిగ్గా తడిసిన చోటే, పెద్దగా బలం పెట్టకుండానే పుటుక్కున తెగితే అది విస్కోస్ రేయాన్. తడిచోటు నిలబడి, పొడిచోట తెగితే కాటన్ అయ్యే అవకాశం ఎక్కువ. తడీ పొడీ తేడా లేకుండా సాగి సాగి, వేలికి కోసుకునేట్టున్నా తెగకపోతే పాలియెస్టరో నైలానో అనుకోవచ్చు. కారణం సులభం: కాటన్ నార తడిస్తే బలం కొంచెం పెరుగుతుంది, విస్కోస్ తడిస్తే దాదాపు సగం బలం పోతుంది. రేయాన్ గౌనును గట్టిగా పిండితే భుజం కుట్టు దగ్గర చిరగడం, తడిగా దండెం మీద వేలాడదీస్తే సాగిపోవడం అందుకే. రేయాన్ చెడ్డ గుడ్డ కాదు. జారుగా పడుతుంది, రంగు చక్కగా పట్టుకుంటుంది. కాటన్ అనుకుని కొని కాటన్‌లా బాదినప్పుడే గొడవ వస్తుంది.

కాల్చి చూసే పరీక్ష ఇంటికి వచ్చాకే. గుడ్డల సందుల్లో అగ్గిపుల్ల వెలిగించడం ప్రాణాలతో ఆట, ఎవరు వెలిగించి చూపిస్తామన్నా వద్దనండి. ఇంట్లో నాలుగైదు పోగులు మెలివేసి, పటకారుతో పట్టుకుని, కింద నీళ్ల గిన్నె పెట్టుకుని కాల్చండి. కాటన్, విస్కోస్ కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతాయి, ఆ రెంటికీ ఈ పరీక్షలో తేడా దొరకదు. పాలియెస్టర్ మంటకు దూరంగా ముడుచుకుని, కరిగి, గట్టి పూసలా గడ్డకడుతుంది. పట్టు, ఉన్ని జుట్టు కాలిన వాసన వేస్తాయి, మిగిలిన నలుసు వేళ్ల మధ్య పొడి అవుతుంది. మిశ్రమమైతే రెండు లక్షణాలూ కలగాపులగంగా కనిపిస్తాయి.

ఇక వెలుతురు. బయటి బజారులో దీన్ని పట్టించుకోనివాళ్లే ఎక్కువ. కొట్ల మీద నీలం పట్టా కట్టి ఉంటే కిందున్న గుడ్డలన్నిటి మీదా నీలిఛాయ పడుతుంది. తెల్లవి తళతళలాడతాయి, పసుపు ఆకుపచ్చ వైపు జరుగుతుంది. ఎర్ర పట్టా కింద ఎరుపులన్నీ నిండుగా కనిపిస్తాయి. లోపల పసుపు దీపమైతే ఇంకో రంగు. ఒక దీపం కింద అచ్చంగా కలిసిన రెండు గుడ్డలు ఎండలో విడిపోవడం కూడా మామూలే. వాటికి వాడిన రంగుపదార్థాలు వేరైతే అలా అవుతుంది. పై గుడ్డకు లైనింగు, చొక్కాకు ప్యాంటు కలిపేటప్పుడు రెండింటినీ ఒకే చేతిలో పట్టుకుని నడిబాటలోకి వచ్చి చూడండి. మిట్టమధ్యాహ్నం ఎండలో కాకుండా నీడపట్టున, ఆకాశపు వెలుతురులో చూడాలి. దీపాలు పెట్టాక రంగు కలిపే పని పెట్టుకోవద్దు.

వెలుతురు ఇంకో నష్టం కూడా చేస్తుంది. కొట్టు ముందు వేలాడదీసిన గుడ్డ రోజూ ఎండ తింటుంది. మడత బయటికి ఉన్న గీత వెంట రంగు వెలుస్తుంది. మడిచి ఉన్నంతసేపూ అది తెలియదు. విప్పి పరిస్తే గుడ్డ పొడుగునా పాలిపోయిన చార ఒకటి కనిపిస్తుంది. అందుకే చూపించడానికి పెట్టింది వద్దు, తాను లోపలినుంచి కోయించుకోండి. మీకు కావలసిన పొడుగంతా విప్పించి, ఒకసారి వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. పేక పోగు ఎగిరిపోయిన అడ్డగీత, నూనె మరక, ముడి, చిల్లు అన్నీ అప్పుడే బయటపడతాయి. అంచు వెంట వరసగా ఉన్న సన్నటి రంధ్రాలు మాత్రం లోపం కాదు. ఆరబెట్టే యంత్రంలో గుడ్డను సాగదీసి పట్టుకున్న మేకుల గుర్తులవి.

కొలత దగ్గర జరిగే నష్టం బేరంలో పోయేదానికన్నా పెద్దది. ముందు పన్నా, అంటే గుడ్డ వెడల్పు, అడగాలి. గుడ్డలు ఎక్కువగా 36, 44, 58 అంగుళాల పన్నాల్లో వస్తాయి. 36 అంగుళాల మీటరుకన్నా 58 అంగుళాల మీటరులో గుడ్డ 1.6 రెట్లు ఉంటుంది. ఒకే రకం గుడ్డయితే, రెండోదానికి ఒకటిన్నర రెట్లు ధర చెప్పినా అదే చవక. పూర్తి చేతుల చొక్కాకు 36 అంగుళాల పన్నాలో రెండుంబావు నుంచి రెండున్నర మీటర్లు అవుతుంది, 58లో మీటరున్నర పైచిలుకు చాలు. వెడల్పు గుడ్డ అన్నిటికీ లాభమేనని దీనర్థం కాదు. 30 అంగుళాల ముక్కలు రెండు కావాలంటే 58లో పక్కపక్కన పట్టవు, మిగిలిన 28 అంగుళాలు తుక్కు. కాబట్టి బజారుకు వెళ్లేముందే టైలర్‌ను అడిగి, ఏ పన్నాకు ఎంత కావాలో మూడు అంకెలూ రాసుకెళ్లండి. చెప్పిన పన్నాను నమ్మకుండా టేపు పెట్టి చూసుకోండి, అంచు పట్టీ వదిలేసి.

మీటరు, గజం తేడా ఇంకొకటి. గజం 36 అంగుళాలు, మీటరు 39.37. అయిదు మీటర్లనుకుని అయిదు గజాలు తెచ్చుకుంటే దాదాపు 17 అంగుళాలు పోయినట్టే, అంటే ఒక చెయ్యికి సరిపడే గుడ్డ. ధర దేనికి చెప్పారో, కొలిచే కర్ర దేనిదో రెండూ అడగాలి. కొలిచేటప్పుడు గుడ్డను లాగి పట్టకూడదు. హోజరీ, క్రేప్, సాగే గుడ్డలు కర్ర మీద సాగి, ఇంటికొచ్చేసరికి మళ్లీ ముడుచుకుంటాయి. బల్లమీద వదులుగా పరిచి కొలవమనండి. తెగ్గోసిన చోటు వంకరగా ఉంటే రెండు కొసల దగ్గరా రెండేసి అంగుళాలు వృథా. నా టేపు ఫైబర్‌గ్లాస్‌ది. మామూలు గుడ్డ టేపు వాడగా వాడగా తానే సాగిపోతుంది, అది చెప్పే అంకెకు విలువ లేదు.

ఎంత పొడుగు కొనాలన్నది కుదించుకుపోవడం మీద కూడా ఆధారపడుతుంది. మగ్గం మీదా, అద్దకంలోనూ గుడ్డను పొడుగునా లాగి పట్టి ఉంచుతారు. నీళ్లలో పడగానే ఆ బిగువు వదిలి అది తన సహజ పొడుగుకు వస్తుంది. అందుకే వెడల్పుకన్నా నిలువునే ఎక్కువ తగ్గుతుంది. ముందే కుదించని కాటన్ అయిదు శాతం తగ్గడం మామూలు, వదులు నేతయితే ఇంకా ఎక్కువ. 40 అంగుళాల ప్యాంటు రెండంగుళాలు కురచైతే తొడగడానికి పనికిరాదు. యంత్రంతో ముందే కుదించే శాన్‌ఫొరైజింగ్ పద్ధతికి శాన్‌ఫర్డ్ క్లూయెట్ 1930లో పేటెంట్ తీసుకున్నారు. అలా చేసిన గుడ్డ ఆ తర్వాత ఒక శాతానికి మించి తగ్గకూడదు. అంచుమీద ఆ ముద్ర లేకపోతే లెక్క ఇలా వేయండి: కావలసిన పొడుగును 0.95తో భాగించాలి. మూడు మీటర్లు కావాలంటే 3.16 వస్తుంది, మూడుంబావు కొనండి. ఆ పావు మీటరు దండగ కాదు.

రంగు పరీక్షకు తెల్ల కాటన్ రుమాలు చాలు. పొడి మూలతో గుడ్డమీద పదిసార్లు రుద్దండి, తడిపిన మూలతో ఇంకో చోట పదిసార్లు. ముదురు ఎరుపు, నలుపు, ముదురు నీలం కొంచెం అంటడం సహజమే, కానీ రుమాలు మీద ఆ రంగు స్పష్టంగా దిగితే ఆ గుడ్డ పక్కన తెల్లది వేసి కుట్టించకండి. ఇండిగో నీలం మినహాయింపు: అది నార పైపైనే పట్టుకుంటుంది, రాపిడికి పోవడం దాని స్వభావం. ‘ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుంది’ అన్న సలహా కొట్టుల్లోనూ ఇళ్లలోనూ తరచూ వినిపిస్తుంది. అది నిజం కాదు. అద్దకపు తొట్టిలో ఉప్పు రంగును నార వైపు నెడుతుంది, అక్కడ దాని పని అది. అద్దకం అయిపోయిన గుడ్డలో రంగును అది కట్టిపడేయలేదు. 1956లో వచ్చిన రియాక్టివ్ రంగులు కాటన్ నారతో రసాయనికంగా ముడిపడతాయి కాబట్టి నిలుస్తాయి. అవి వేసిన గుడ్డ కూడా సరిగా కడగకపోతే మొదట్లో మిగులు రంగు వదులుతుంది. నాలుగు ఉతుకులకూ నీళ్లు తేరకపోతే ఆ రంగు ఇక నిలిచేది కాదు.

గళ్లు, చారలు కొనేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. అచ్చు వేసేటప్పుడు గుడ్డ ఏటవాలుగా జరిగి ఉంటే చార పేక పోగు వెంట నడవదు. టైలర్ చార చూసి కోస్తే బట్ట ఒంటిమీద మెలితిరుగుతుంది, పోగు చూసి కోస్తే చార వంకర. అంచుకు అంచు కలిపి మడవండి. అడ్డచార మడతకు ఇటూ అటూ ఒకే ఎత్తులో కలవాలి. చెదురు పూలకు అంగుళం తేడా ఉన్నా ఫర్వాలేదు, గళ్లకు అర అంగుళం కూడా కళ్లకు కొడుతుంది. వెల్వెట్, కార్డురాయ్, తల కిందు తేడా ఉన్న ప్రింట్లు అన్ని ముక్కలూ ఒకే దిశలో కోయాలి కాబట్టి గుడ్డ ఎక్కువ పడుతుంది. ఎంతో టైలర్ చెప్పాలి.

కట్ పీసుల గుట్టలంటే నాకు ఇష్టం. మంచి గుడ్డలు దొరికేది అక్కడే. తాను చివర మిగిలినవి, రంగు కాస్త తేడా వచ్చినవి, లోపమున్నవి అన్నీ కలిసి పడి ఉంటాయి. మూడో రకాన్ని ఏరి పక్కన పెట్టే ఓపిక ఉండాలి. రెండు ముక్కలు కలిపి ఒకటి కుట్టించాలంటే పక్కపక్కన పరిచి నీడపట్టున చూడండి. ఒకే రంగైనా అద్దకపు విడత మారితే ఛాయ మారుతుంది. కర్టెన్లకు కావలసినదంతా ఒకే తానులోంచి, ఒకేరోజు తీసుకోవాలి. ‘మళ్లీ వచ్చి తీసుకుందాం’ అనుకున్న వాటికి అదే ఛాయ దొరకడం అదృష్టమే.

రెడీమేడ్ బట్టల విషయంలో సైజు అంకెను నమ్మకండి. డజన్ల పొరలు దొంతరగా పేర్చి కోస్తారు. కత్తి కాస్త వాలినా పై పొరకూ అడుగు పొరకూ కొలత మారుతుంది. అందుకే ఒకే అంకె ఉన్న రెండు చొక్కాలు తేడాగా పడతాయి. మీకు సరిగ్గా పట్టే బట్టను ఇంట్లో పరిచి ఛాతీ, భుజం, పొడుగు, చెయ్యి కొలిచి ఫోనులో రాసుకోండి. బజారులో తొడిగి చూసే చోటుండదు, ఆ నాలుగు అంకెలే దిక్కు. కొలిచిన బట్టనే సంచిలో పెట్టించుకోండి, ‘అదే సైజు’ అంటూ ఇచ్చే ప్యాకెట్ వద్దు. తిరగేసి లోపలి కుట్లు చూడండి: చొక్కాకు అంగుళానికి పది పన్నెండు కుట్లుండాలి, ఆరేడే ఉంటే హడావిడి పని. హోజరీ బనియన్లు, టీషర్టులు భుజానికి భుజం కలిపి మడిస్తే పక్క కుట్లు ఒకదానిమీద ఒకటి పడాలి. ఇప్పుడే ముందుకు తిరిగిన కుట్టు ఉతికాక ఇంకా తిరుగుతుంది.

దారం, జిప్పు, గుండీలు, లైనింగు ఆఖర్న కొనండి, గుడ్డ ముక్క చేతిలో పెట్టుకుని. దారాన్ని రీలు మీద చూసి ఎంచుకుంటే తప్పుతుంది. ఒక్క పోగు విప్పి గుడ్డమీద పరిచి చూడండి. ఒంటిపోగు రీలుకన్నా లేతగా కనిపిస్తుంది కాబట్టి, రెండు ఛాయల మధ్య తేల్చుకోలేకపోతే ముదురుదే తీసుకోండి. లైనింగు గురించి గట్టిగా చెబుతాను: పాలియెస్టర్ గుడ్డలోపల తడపని కాటన్ లైనింగు వేయిస్తే మొదటి ఉతుకుకే లైనింగు కురచై, పై గుడ్డంతా కుచ్చులు పడుతుంది. గుడ్డ బాగోలేదని అప్పుడు అనుకుంటాం, తప్పు లైనింగుది.

ఇంత పరీక్ష ఎందుకు, చవక గుడ్డే కదా అని అడిగేవాళ్లుంటారు. గుడ్డ చవకే, కుట్టుకూలి చవక కాదు. చాలా బట్టలకు కూలే గుడ్డకన్నా ఎక్కువవుతుంది. పాడైన గుడ్డతో పాటు అదీ పోతుంది. తుడుచుకునే గుడ్డకు ఇవేవీ అక్కర్లేదు, ఏళ్లు తొడగాల్సినదానికి అన్నీ కావాలి. అలవాటైతే అన్నీ కలిపి అయిదు నిమిషాల పని. ధర మాట అప్పుడు ఎత్తండి. పన్నా ఎంతో, నూలు ఏమిటో, ఏ చోట పేక ఎగిరిందో తెలిసినవాళ్ల బేరానికి బలముంటుంది. ఒకే రకం కొట్లు ఒకే సందులో ఉన్నాయి కదా, అదే గుడ్డ, అదే పన్నా మరో రెండు కొట్లలో అడిగి రండి.

ఇంటికి తెచ్చాక వెంటనే టైలర్‌కు ఇవ్వకండి. ఉతికే గుడ్డయితే కోసిన కొసలకు పొడుగు కుట్టు వేసి, పొడుగు కొలిచి రాసుకుని, తర్వాత ఎలా ఉతుకుతారో అచ్చం అలాగే ఒకసారి ఉతకండి. లైనింగును కూడా, విడిగా. నీడన ఆరేసి, కాస్త తడి ఉండగానే నిలువు పోగు వెంట ఇస్త్రీ చేయండి. పూర్తిగా ఆరాక మళ్లీ టేపు పెట్టండి. గంజి, మెరుపు పోయాక మిగిలిన గుడ్డ ఇదే. ఇప్పుడు దాన్ని వేళ్ల మధ్య నలిపి చూడండి.